కిడ్నీ క్యాన్సర్ గడ్డ, మన రోగనిరోధక వ్యవస్థ: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఏ క్యాన్సర్ ఓపీ బయట కూర్చున్నా "ఇమ్యూనిటీ పెంచుకోవాలండీ" అనే మాట వినపడుతుంది. కిడ్నీ క్యాన్సర్ విషయంలో ఈ సలహా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఎందుకో కింద వివరంగా రాశాను. నేను మైక్రోబయాలజీ పాఠాలు చెప్పుకునే టీచర్ని, మందులు రాసే డాక్టర్ని కాను. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కీ, కేజీహెచ్‌కీ, ఊళ్లోని ప్రైవేటు హాస్పిటళ్లకీ తిరుగుతున్న బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు, పాత విద్యార్థులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. మందు మొదలుపెట్టాలా, ఆపాలా అన్నది మాత్రం మీ ఆంకాలజిస్టునే అడగండి.

మా నాన్నగారికి ఇమ్యూనిటీ తగ్గిపోవడం వల్లే కిడ్నీ క్యాన్సర్ వచ్చిందా?

చాలామందిలో అలా జరగదు. ఏళ్ల తరబడి జలుబు కూడా చేయని మనిషికీ ఈ జబ్బు వస్తుంది. పొగతాగడం, ఊబకాయం, హైబీపీ దీని అవకాశాన్ని పెంచుతాయని గట్టిగా తెలుసు. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది.

పెద్దవాళ్లలో వచ్చే కిడ్నీ క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతుల వరకు "క్లియర్ సెల్" రకమే. వీటిలో ఎక్కువ గడ్డల్లో మూడో క్రోమోజోము మీదుండే వీహెచ్ఎల్ అనే జన్యువు పోయి ఉంటుంది. కణానికి ఆక్సిజన్ సరిగ్గా అందుతోందా లేదా అన్న లెక్కలో ఈ జన్యువుది పెద్ద పాత్ర. అది లేకపోతే ఆక్సిజన్ బాగానే అందుతున్నా, అందడం లేదన్నట్టే కణం ప్రవర్తిస్తుంది. హిఫ్ అనే ప్రోటీన్ పేరుకుపోతుంది, కొత్త రక్తనాళాలు వేయమని సంకేతాలు వెళ్తూనే ఉంటాయి. అందుకే ఈ గడ్డల నిండా రక్తనాళాలే. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ పద్ధతిని విడమరిచి చెప్పినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జా ముగ్గురికీ వైద్య నోబెల్ ఇచ్చారు.

ఇమ్యూనిటీకి అసలు సంబంధమే లేదని కూడా అనలేం. కిడ్నీ మార్పిడి చేయించుకుని, ఇమ్యూనిటీని అణిచే మందులు ఏళ్లపాటు వాడేవాళ్లలో ఈ క్యాన్సర్ మామూలు జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కానీ మీ నాన్నగారు సరిగ్గా తినకపోవడం వల్లో, టెన్షన్ పడటం వల్లో వచ్చిందని ఇంట్లో ఎవరైనా అంటుంటే దయచేసి ఆ మాట ఆపించండి.

మన శరీరం ఈ గడ్డను శత్రువుగా గుర్తుపడుతుందా?

గుర్తుపడుతుంది. ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, చాలా కేసుల్లో క్యాన్సర్ కణాల మధ్య టీ కణాలు గుంపులుగా దూరి ఉంటాయి. మన రక్తంలో, లింఫు గ్రంథుల్లో తిరిగే తెల్లరక్త కణాల్లో ఇవొక రకం. వైరస్ సోకిన కణాన్ని, క్యాన్సర్ కణాన్ని ఇవి నేరుగా చంపగలవు. శరీరంలో ఎక్కువగా టీ కణాలు చేరే గడ్డల్లో కిడ్నీ క్యాన్సర్ ఒకటి.

ఇవి దేన్ని చూసి వస్తున్నాయన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని ప్రశ్న. చర్మపు మెలనోమాలోనూ, పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్లోనూ డీఎన్ఏలో మార్పులు కుప్పలుగా ఉంటాయి. మార్పులు ఎక్కువైతే కొత్త ప్రోటీన్లు ఎక్కువ పుడతాయి, టీ కణాలకు పరాయివిగా కనపడే గుర్తులూ ఎక్కువవుతాయి. కిడ్నీ క్యాన్సర్లో మొత్తం మార్పుల సంఖ్య అంత పెద్దది కాదు. అయినా ఒక రకం మార్పులు మాత్రం మిగతా క్యాన్సర్ల కన్నా ఇక్కడ ఎక్కువ పాళ్లలో ఉంటాయని 2017లో తేలింది. డీఎన్ఏలో ఒకటి రెండు అక్షరాలు ఊడిపోవడమో, అదనంగా చేరడమో ఆ రకం. మధ్యలో ఒక అక్షరం పోతే అక్కణ్నుంచి వాక్యమంతా మారిపోతుంది కదా. అలా పుట్టిన ప్రోటీన్ తోక మన శరీరం ఎప్పుడూ చూడనిది.

ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. మన జన్యుపదార్థంలో దాదాపు 8 శాతం, లక్షల నుంచి కోట్ల ఏళ్ల క్రితం మన పూర్వీకులకు సోకిన వైరస్‌ల అవశేషాలు. మామూలు కణాల్లో అవి నిద్రలో ఉంటాయి. వీహెచ్ఎల్ పోయిన కిడ్నీ గడ్డల్లో కొన్ని నిద్ర లేస్తాయి. మూలకణాల మార్పిడి తర్వాత గడ్డలు కరిగిన ఒక రోగిలో, ఇలాంటి పాత వైరస్ ముక్కను పట్టుకునే టీ కణాలే ఆ పని చేస్తున్నట్టు అమెరికా పరిశోధకులు 2008లో చూపించారు. క్లాసులో ఈ విషయం చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు.

మందు లేకుండానే గడ్డ కరిగిపోయిందని ఎవరో చెప్పారు. నిజమా?

చాలా అరుదుగా నిజమే. ముఖ్యంగా కిడ్నీని తీసేశాక, ఊపిరితిత్తుల్లో ఉన్న చిన్న మచ్చలు వాటంతట అవే తగ్గిన కేసులు వైద్య పత్రికల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. నూరింట ఒకరికి కూడా ఇది జరగదు. మీవాళ్లకు జరుగుతుందని కూర్చోవద్దు. డాక్టర్ల దృష్టి మొదట రోగనిరోధక వ్యవస్థ వైపు మళ్లడానికి మాత్రం ఈ కేసులు ఒక కారణం.

గుర్తుపట్టాయి, లోపలికీ వెళ్లాయి. మరి టీ కణాలు ఎందుకు చంపడం లేదు?

మంట దగ్గరికి ఫైరింజన్ వచ్చింది, ట్యాంకులో నీళ్లు లేవు. గడ్డలో టీ కణాల పరిస్థితి అది.

ఒక టీ కణం నెలల తరబడి అదే శత్రువును చూస్తూ ఉంటే క్రమంగా సత్తువ కోల్పోతుంది. ఇమ్యునాలజీలో దీన్ని అలసటే అంటారు. అలసిన కణం పైపొర మీద పీడీ-1 అనే బ్రేకు ఎక్కువగా కనపడుతుంది. గడ్డలోని క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ చేరిన ఇతర కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో ఆ బ్రేకును తొక్కి పడతాయి. ఈ బ్రేకు మన మేలుకే ఉంది. ఇన్ఫెక్షన్ తగ్గాక టీ కణాలు ఆగకపోతే మన అవయవాలనే తినేస్తాయి. క్యాన్సర్ ఆ సదుపాయాన్ని తనకోసం వాడుకుంటోంది, అంతే.

అలసట ఒక్కటే అయితే పని తేలికయ్యేది. రక్తనాళాలు వేయమని హిఫ్ పంపే సంకేతం వెజ్ఎఫ్ అనే పదార్థం. ఇది రక్తనాళాలతో ఆగదు. శత్రువు ముక్కను పట్టుకొచ్చి టీ కణాలకు చూపించి శిక్షణ ఇచ్చే డెండ్రైటిక్ కణాలను ఎదగనివ్వదు, టీ కణాలు గడ్డలోకి దిగే దారినీ చెడగొడుతుంది. మరోవైపు మాక్రోఫేజ్‌లు ఉంటాయి. మామూలుగా చెత్తను మింగి శుభ్రం చేసే ఈ కణాలు, జబ్బు ముదిరేకొద్దీ గడ్డవైపు తిరిగిపోయి టీ కణాలను ఇంకా అణిచివేస్తాయి. ముదిరిన కిడ్నీ గడ్డల్లో పూర్తిగా అలసిన టీ కణాలు, ఈ దారి తప్పిన మాక్రోఫేజ్‌లు జంటగా పెరుగుతాయని 2021లో ఒక్కో కణాన్నీ విడిగా పరిశీలించిన అధ్యయనాల్లో కనపడింది. వీటికి తోడు, రోగనిరోధక వ్యవస్థను చల్లబరచడమే పనిగా ఉండే నియంత్రక టీ కణాలు కూడా ఉంటాయి.

ఆశ కలిగించే విషయం కూడా ఒకటి ఉంది. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో కిడ్నీ గడ్డల్లో ఇంకా అలసిపోని, మళ్లీ మళ్లీ విభజన చెందగల టీ కణాలు చిన్న చిన్న గూళ్లలో ఉండటం చూశారు. గూళ్లు ఉన్న గడ్డల్లో కొత్త సైన్యం పుడుతూ ఉంటుంది. గూళ్లు చెదిరిపోయిన గడ్డల్లో జబ్బు త్వరగా ముదిరింది.

బయాప్సీ రిపోర్టులో లింఫోసైట్లు (టీ కణాలు ఈ జాతివే) ఎక్కువ ఉన్నాయని రాశారు. అంటే మంచిదేగా?

పెద్దపేగు క్యాన్సర్ అయితే అవును అనేవాణ్ని. అక్కడ టీ కణాలు ఎక్కువున్నవాళ్లు సాధారణంగా ఎక్కువకాలం బతుకుతారు. కిడ్నీలో లెక్క తలకిందులైంది. టీ కణాలు బాగా చేరిన గడ్డలే చాలా అధ్యయనాల్లో మొండిగా తేలాయి. కారణం పైన చెప్పిందే. ఎన్ని ఉన్నాయన్నదాని కన్నా ఏ స్థితిలో ఉన్నాయన్నది ముఖ్యం, మామూలు రిపోర్టులో ఆ స్థితి కనపడదు. కాబట్టి ఆ ఒక్క వాక్యం చదివి సంబరపడకండి, భయపడకండి.

పీడీ-ఎల్1 పరీక్ష గురించి కూడా అడుగుతుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఆ పరీక్షను బట్టి మందు నిర్ణయిస్తారు. కిడ్నీ క్యాన్సర్లో పరీక్ష నెగెటివ్ వచ్చినవాళ్లకూ ఇమ్యునోథెరపీ (టీ కణాల బ్రేకు తీసే మందులు) పనిచేస్తోంది గనక దీన్ని బట్టి మందు ఇవ్వడం, మానడం చేయరు. ఎవరైనా దీనికోసం పెద్ద మొత్తం కట్టమంటే, ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏం మారుతుందో ముందే అడగండి.

"సార్కమటాయిడ్" అనే మాట రిపోర్టులో ఉంటే మాత్రం డాక్టరుకు తప్పకుండా చూపించండి. ఇది దూకుడు రకం. పాత మందులకు లొంగేది కాదు. ఇమ్యునోథెరపీకి మాత్రం మామూలు క్లియర్ సెల్ కన్నా బాగా స్పందిస్తున్నట్టు ట్రయళ్లలో తేలింది.

రోజూ సాయంత్రం జ్వరం వస్తోంది. ఇన్ఫెక్షన్ లేదంటున్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కువ, హీమోగ్లోబిన్ తక్కువ. ఏమిటిది?

ఇది కూడా గడ్డకీ రోగనిరోధక వ్యవస్థకీ మధ్య నడుస్తున్న వ్యవహారమే. చాలా కిడ్నీ గడ్డలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. శరీరమంతా వాపు (ఇన్‌ఫ్లమేషన్) వాతావరణం ఏర్పడుతుంది. జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, ఈఎస్ఆర్ పెరగడం, ప్లేట్‌లెట్లు పెరగడం, ఇనుము మాత్రలు వేసినా ఎక్కని రక్తహీనత, అన్నీ దాని ప్రభావాలే. ఇది చూసి మామూలు ఇన్ఫెక్షన్ అనుకుని, టీబీ అనుకుని నెలల పాటు మందులు వాడినవాళ్లున్నారు.

జబ్బు వ్యాపించినవాళ్లను డాక్టర్లు మూడు రిస్క్ వర్గాలుగా విడదీస్తారు. అందుకు చూసే ఆరు అంశాల్లో నాలుగు రక్తపరీక్షలే: హీమోగ్లోబిన్ తగ్గడం, క్యాల్షియం పెరగడం, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్త కణాలు) పెరగడం, ప్లేట్‌లెట్లు పెరగడం. మిగతా రెండు, మనిషి తన పనులు ఎంతవరకు తను చేసుకోగలుగుతున్నాడన్నదీ, జబ్బు తేలిన ఏడాదిలోపే మందు అవసరపడిందా అన్నదీ. కాబట్టి ఐదొందల రూపాయల రక్తపరీక్ష కదా అని ఫైల్లోంచి పాత కాగితాలు పారేయకండి.

అందరికీ కీమో ఇస్తారు, మావాళ్లకు ఎందుకు ఇవ్వడం లేదు?

ఎందుకంటే పనిచేయదు. కిడ్నీ నాళికల కణాల సహజ పని విషాలను బయటికి పంపడం. వాటి నుంచి పుట్టిన క్యాన్సర్ కూడా కీమో మందును తోసేసే పంపులను తనతోపాటు తెచ్చుకుంటుంది. డాక్టరు వదిలేశాడని అనుకోవద్దు.

ఇమ్యునోథెరపీ అంటే శరీరంలో జరిగేది ఏమిటి?

ఇప్పుడు వాడే మందులు ఇమ్యూనిటీని పెంచే టానిక్కులు కావు. ఉన్న టీ కణాల మీది బ్రేకు తీస్తాయి. పీడీ-1 మీద పనిచేసేవి నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్. సీటీఎల్ఏ-4 అనే మరో బ్రేకు మీద పనిచేసేది ఇపిలిముమాబ్. పీడీ-1 బ్రేకు ఎక్కువగా గడ్డలోపల పనిచేస్తే, సీటీఎల్ఏ-4 బ్రేకు టీ కణాలు లింఫు గ్రంథుల్లో శిక్షణ పొందే దశలోనే పడుతుంది. అందుకే రెండు మందులూ కలిపి ఇవ్వడంలో అర్థం ఉంది. ఈ బ్రేకులను కనిపెట్టి వైద్యంగా మలిచిన పనికి జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018 నోబెల్ వచ్చింది.

దీనికి ముందు కాలం కష్టంగా గడిచింది. టీ కణాలను ఎగదోసే ఇంటర్‌ల్యూకిన్-2ను పెద్ద మోతాదులో ఇవ్వడానికి అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. నూరుమందిలో పదిహేను మందికి పనిచేసేది. వాళ్లలో కొద్దిమందికి జబ్బు పూర్తిగా పోయి, ఏళ్ల తరబడి తిరిగి రాలేదు కూడా. కానీ బీపీ పడిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఐసీయూ స్థాయి సంరక్షణ కావాల్సి వచ్చేది. యువకులు, గుండె గట్టిగా ఉన్నవాళ్లు మాత్రమే తట్టుకునేవారు.

నివోలుమాబ్‌కు కిడ్నీ క్యాన్సర్ కోసం 2015లో, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంటకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2019 నుంచి మరో దారి కూడా తెరుచుకుంది: పీడీ-1 మందుతోపాటు రక్తనాళాలను అడ్డుకునే మాత్ర. పెంబ్రోలిజుమాబ్‌తో యాక్సిటినిబ్ కానీ లెన్వాటినిబ్ కానీ, నివోలుమాబ్‌తో కాబోజాంటినిబ్ కానీ. వెజ్ఎఫ్ డెండ్రైటిక్ కణాలనూ టీ కణాల దారినీ ఎలా చెడగొడుతుందో పైన చెప్పాను కదా. మాత్ర ఆ సంకేతాన్ని ఆపితే, బ్రేకు తీసిన టీ కణాలకు గడ్డలోకి దారి దొరుకుతుంది.

ఎంతమందికి పనిచేస్తుంది?

నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంటను పాత మాత్ర సునిటినిబ్‌తో పోల్చిన ట్రయల్లో, మధ్యస్థ, ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లలో నూటికి 42 మందికి గడ్డలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి. సునిటినిబ్‌తో 27 మందికి. స్కాన్‌లో గడ్డ పూర్తిగా కనపడకుండా పోయినవాళ్లు నూటికి 9 మంది, సునిటినిబ్‌తో ఒక్కరు. మాత్ర కలిపిన జంటల్లో గడ్డ తగ్గేవాళ్ల శాతం ఇంకా ఎక్కువే. అయితే రెండు బ్రేకులూ తీసిన జంటలో స్పందించినవాళ్లకు ఆ ఫలితం ఏళ్లపాటు నిలబడటం కనిపిస్తుంది, కొందరికి మందు ఆపేశాక కూడా. గడ్డ వల్ల ఆయాసంతోనో, నొప్పితోనో బాధపడుతూ త్వరగా తగ్గాల్సినవాళ్లకు మాత్ర ఉన్న జంట వైపు డాక్టర్లు మొగ్గడం సహజం. నా అభిప్రాయం అడిగితే, కుటుంబం డాక్టరును అడగాల్సిన ప్రశ్న "ఏ మందు మంచిది" అన్నది కాదు, "మావాళ్లకు తొందర ఎంత ఉంది" అన్నది.

రెండో స్కాన్‌లో గడ్డ పెద్దదైంది. మందు పనిచేయనట్టేనా?

టీ కణాలు గుంపుగా చేరడం వల్ల గడ్డ కొంతకాలం పెద్దదిగా కనపడటం ఉంది. కిడ్నీ క్యాన్సర్లో ఇది అరుదు. మనిషి బాగా తింటూ, తిరుగుతూ ఉంటే డాక్టరు కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీయించవచ్చు. మనిషి నీరసిస్తూ, గడ్డ పెరుగుతూ ఉంటే అది జబ్బే.

ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీసేశామన్నారు. మళ్లీ ఏడాది ఇంజెక్షన్ ఎందుకు?

కంటికి కనపడని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే, అవి తక్కువున్నప్పుడే టీ కణాలతో చంపించాలన్నది ఆలోచన. జబ్బు తిరిగొచ్చే అవకాశం ఎక్కువున్న క్లియర్ సెల్ రోగుల్లో ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూశారు. 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం నాలుగేళ్లకు మందు తీసుకున్నవాళ్లలో 91 శాతం, తీసుకోనివాళ్లలో 86 శాతం బతికున్నారు.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. నూరుమందిలో సుమారు ఐదుగురికి అదనంగా ప్రాణం దక్కింది. మందు లేకుండానే 86 మంది ఉన్నారు కూడా. ఇదే ఆలోచనతో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంటతోనూ, అటెజోలిజుమాబ్‌తోనూ చేసిన ట్రయళ్లు ఫలితం చూపలేదు. గడ్డ చిన్నది, గ్రేడ్ తక్కువ, కిడ్నీ దాటలేదు అంటే ఈ ఇంజెక్షన్ అవసరమే లేదు. అప్పు చేసి వేయించాలా అని ఒక పెద్దాయన అడిగితే, ముందు స్టేజీ, గ్రేడ్ రాసిన కాగితం తీసుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను.

ఒక్క కిడ్నీయే మిగిలింది. ఈ మందు దాన్నీ పాడుచేస్తుందా? డయాలసిస్‌లో ఉంటే ఇవ్వచ్చా?

ఇవి యాంటీబాడీలు. కిడ్నీ ద్వారా బయటికి పోయే మందులు కావు, అందువల్ల డయాలసిస్‌లో ఉన్నవాళ్లకూ ఇస్తారు. బ్రేకు తీసిన టీ కణాలు మిగిలిన కిడ్నీ మీద పడటం అరుదుగా జరుగుతుంది గనక ప్రతి డోసు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల సంగతి వేరు. అమర్చిన కిడ్నీ టీ కణాలకు పరాయిదే, మందుల బలం మీద ఊరుకుంటున్నాయి. బ్రేకు తీస్తే ఆ కిడ్నీని తిరస్కరించే ప్రమాదం గట్టిగా ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బూ ఇదీ ఒకటేనా?

కాదు. కంచిలి, కవిటి, సోంపేట వైపు నుంచి కేజీహెచ్‌కు వచ్చే రోగుల బంధువులు ఈ మాట చాలాసార్లు అడుగుతారు. ఉద్దానం జబ్బులో కిడ్నీ నాళికలు, వాటి మధ్య కణజాలం మెల్లగా ఎండిపోయి కిడ్నీ పనిచేయడం మానేస్తుంది. కారణం ఇంకా తేలలేదు. అక్కడ గడ్డ ఉండదు, అది క్యాన్సర్‌గా మారే జబ్బు కాదు. ఏ కారణంతోనైనా ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉన్నవాళ్ల కిడ్నీల్లో నీటితిత్తులు ఏర్పడి, వాటిలో క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. మూత్రంలో రక్తం కనపడితే అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. అంతకు మించి భయపడక్కర్లేదు.

సైడ్ ఎఫెక్ట్స్ ఎలా ఉంటాయి? జుట్టు రాలుతుందా?

కీమోలాగా జుట్టు ఊడిపోదు, వాంతులూ అంతగా ఉండవు. అందుకే చాలామంది దీన్ని తేలిక మందు అనుకుంటారు. ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. బ్రేకు తీసిన టీ కణాలు ఏ అవయవం మీదైనా పడొచ్చు: చర్మం, పేగు, థైరాయిడ్, లివర్, ఊపిరితిత్తులు, పిట్యుటరీ, అడ్రినల్ గ్రంథులు, చాలా అరుదుగా గుండె కండరం. పైన చెప్పిన ట్రయల్లో ఇమ్యునోథెరపీ జంట తీసుకున్నవాళ్లలో 46 శాతం మందికి తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చాయి. సునిటినిబ్‌తో అది 63 శాతం. రెండో డోసు తర్వాత రావచ్చు, మందు ఆపిన కొన్ని నెలలకూ రావచ్చు.

రోజుకు మామూలు కన్నా నాలుగైదుసార్లు ఎక్కువగా విరేచనాలు, రక్తం పడటం, కొత్తగా మొదలైన పొడిదగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, ఛాతీలో నొప్పి, తగ్గని తలనొప్పి, లేచి నిలబడలేనంత నీరసం: వీటిలో ఏది వచ్చినా ఆ రోజే హాస్పిటల్‌కు ఫోన్ చేయాలి. పాడేరు నుంచో, రాజాం నుంచో వచ్చి ఇంజెక్షన్ వేయించుకుని వెళ్లినవాళ్లకు రాత్రిపూట విరేచనాలు మొదలైతే ఏం చేస్తారు? ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన విరేచనాలు కట్టేసే మాత్ర, యాంటీబయాటిక్ ఇస్తాడు. ఇది ఇన్ఫెక్షన్ కాకపోవచ్చని ఆయనకు తెలియదు. పేగు మీద టీ కణాల దాడి అయితే కావాల్సింది స్టెరాయిడ్, అదీ ఆంకాలజిస్టు చెప్పిన మోతాదులో. "నేను ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నాను" అని మందు పేరు, హాస్పిటల్ ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో ఉంచండి. ఏ డాక్టరును కలిసినా మొదట అది తీసి చూపించండి.

స్టెరాయిడ్ వాడితే క్యాన్సర్ మందు పనిచేయడం మానేస్తుందేమోనని కొందరు మాత్రలు వేసుకోరు. దుష్ప్రభావానికి వాడిన స్టెరాయిడ్ వల్ల ఫలితం పోయినట్టు కనపడలేదు. నీరసానికి, నొప్పులకు ముందునుంచీ వాడుతున్న స్టెరాయిడ్ సంగతి మాత్రం డాక్టరుకు చెప్పాలి. దానివల్ల మందు మొదట్లోనే దెబ్బతినే అవకాశం ఉంది. పేరు లేని నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దగ్గర కొత్త కాదు.

కీళ్లవాతం, సోరియాసిస్, లూపస్ లాంటి జబ్బులు ముందే ఉంటే అవి ఎగదన్నవచ్చు. అవి ఉన్నాయన్న సంగతి దాచొద్దు.

ఇమ్యూనిటీ పెరగడానికి తిప్పతీగ, కషాయం, పొడులు ఇవ్వచ్చా?

వద్దు. కిడ్నీ గడ్డలో టీ కణాలకు కొదవ లేదు, అవి అణగారి ఉన్నాయి. ఏ పొడీ ఆ బ్రేకు తీయదు. నష్టం మాత్రం ఉండొచ్చు. తిప్పతీగ వాడినవాళ్లలో, రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద దాడి చేసినట్టుండే కేసులను మన దేశపు లివర్ డాక్టర్లు 2021 నుంచి ప్రచురిస్తున్నారు. ఇమ్యునోథెరపీలో కూడా లివర్ వాపు వస్తుంది. రెండూ కలిస్తే లివర్ ఎంజైములు పెరిగిన రోజున దేనివల్లో తేల్చలేక డాక్టరు అసలు మందునే ఆపాల్సి వస్తుంది. వేల రూపాయల డబ్బా అమ్మేవాడికి ఆ రోజు ఫోన్ చేసి చూడండి, ఎత్తుతాడేమో.

తిండి విషయంలో పెద్ద రహస్యాలు లేవు. అన్నం, పప్పు, కూర, పెరుగు, చేప తినగలిగినంత తినండి. క్రియాటినిన్ పెరిగి ఉంటే ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరును అడగండి. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకూ ఈ మందు ఫలితానికీ సంబంధం ఉందని కొన్నేళ్లుగా ఆధారాలు వస్తున్నాయి. ఇమ్యునోథెరపీ మొదలయ్యే ముందు యాంటీబయాటిక్స్ వాడిన కిడ్నీ క్యాన్సర్ రోగుల్లో ఫలితం తక్కువగా ఉందని 2018లో వచ్చిన పరిశోధన వాటిలో ఒకటి. కాబట్టి జలుబుకు మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకునే అలవాటు మానండి. నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే వాడాల్సిందే.

ఖర్చు ఎలా? ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందా?

ఆపరేషన్, పాత మాత్రల సంగతి వేరు, ఈ ఇంజెక్షన్ల సంగతి వేరు. ఏ క్యాన్సర్‌కు ఏ మందు ప్యాకేజీలో ఉందో ఎప్పటికప్పుడు మారుతుంటుంది గనక హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, మందు పేరు చెప్పి అడగండి. స్టీల్ ప్లాంట్, పోర్టు, రైల్వే, నేవీ ఉద్యోగులు, పెన్షనర్లు తమ సంస్థ వైద్య విభాగంలో ముందుగా అనుమతి కాగితం తీసుకోవాలి. కంపెనీల రోగి సహాయ పథకాల్లో కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితంగా ఇచ్చేవి ఉంటాయి. వాటిలో చేరాలంటే మొదటి డోసుకు ముందే పేరు నమోదు కావాలా అని తప్పకుండా అడగండి. పెంబ్రోలిజుమాబ్ మీద కేంద్రం 2023లో దిగుమతి సుంకం తీసేసింది, అయినా సామాన్యుడికి అందే ధర కాదు.

తక్కువ డోసు గురించి కూడా అడుగుతున్నారు. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువ, అంటే మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపి, తల, మెడ క్యాన్సర్లలో మంచి ఫలితం సాధించారు. మన దేశానికి ఇది గొప్ప విషయం. కానీ ఆ ఫలితం వేరే క్యాన్సర్‌ది, వేరే మందుల కలయికతో వచ్చింది. దాన్ని కిడ్నీకి అలాగే అంటగట్టలేం. పూర్తి డోసు అందుబాటులో లేనప్పుడు డాక్టరు ఆ మార్గం చెబితే, ఈ తేడా తెలుసుకునే ఒప్పుకోండి.

మందు బయట కొని తెస్తుంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టకూడదు, గట్టిగా ఊపకూడదు. మే నెలలో జగదాంబ సెంటర్ నుంచి అగనంపూడి దాకా ప్లాస్టిక్ కవర్లో పట్టుకెళ్లొద్దు. డిస్ట్రిబ్యూటర్‌ను ఐస్‌ప్యాక్ పెట్టె అడగండి, బ్యాచ్ నంబరుతో బిల్లు తీసుకోండి.

టీకాలు వేయించుకోవచ్చా? క్యాన్సర్‌కే టీకా వస్తోందంటున్నారు?

ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోనియా టీకా లాంటి, బతికున్న సూక్ష్మజీవులు లేని టీకాలు వేయించుకోవచ్చు. బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాల విషయంలో డాక్టరును అడిగాకే.

క్యాన్సర్ టీకా విషయానికొస్తే, అమెరికాలోని డానా-ఫార్బర్ సంస్థలో ఆపరేషన్ అయిన 9 మంది కిడ్నీ క్యాన్సర్ రోగులకు, ఒక్కొక్కరి గడ్డలోని మార్పులను చదివి ఒక్కొక్కరికీ విడిగా టీకా తయారుచేశారు. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రచురించారు. తొమ్మిది మందిలోనూ టీకాలో పెట్టిన గడ్డ గుర్తులను పట్టుకునే టీ కణాలు పుట్టాయి. సుమారు మూడేళ్లు దాటి చూసేసరికి ఎవరికీ జబ్బు తిరిగి రాలేదు. తొమ్మిది మంది అంటే చాలా చిన్న సంఖ్య, పోల్చడానికి టీకా లేని గుంపు కూడా లేదు. ఇలాంటి టీకా ఇప్పుడు విశాఖలో కాదు, ఎక్కడా బజారులో దొరకదు. ఎవరైనా దొరుకుతుందని డబ్బడిగితే ఇవ్వొద్దు. ట్రయల్లో చేరాలనుకుంటే మన దేశంలో జరిగే ట్రయళ్లన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ట్రయల్లో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.